ఐదు లక్షల పదివేల ఐదు వందల పది

హైటెక్ సిటీ ఆఫీసులో నా సీటుకి సరిగ్గా పైన ఏసీ కారేది. కీబోర్డు పక్కన కాఫీ కప్పు పెట్టి ఆ నీళ్లు పట్టేదాన్ని. మరమ్మతులు చూసేవాళ్లకి ఫిర్యాదు పెడితే కంప్యూటరు ఒక టికెట్ నంబరు ఇచ్చింది: 510510. నేను ఫోన్లో వాళ్లకి ఆ నంబరు చదివి చెబుతుంటే పక్క సీటాయన తల తిప్పాడు.

ఆయన మూసాపేట నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ టెస్టర్. నాకంటే పదేళ్లు పెద్ద. అప్పటిదాకా మా మధ్య నడిచిన మాటలన్నీ ఛార్జర్ గురించే.

"ఆ నంబర్ ఇంకోసారి చెప్పుండ్రి," అన్నాడు.

చెప్పాను.

"రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. మొదటి ఏడు ప్రధాన సంఖ్యలు. అన్నీ గుణిస్తే గిదే వస్తది."

"అయితే ఏసీ తొందరగా బాగవుతుందాండీ?"

"దానికి, దీనికి సంబంధం లేదు," అన్నాడు సీరియస్‌గా.

నిజంగానే లేదు. ఏదో పార్టు రావాలన్నారు. అది వచ్చేలోపు ఆయన భోజనాల దగ్గర రోజూ ఆ సంఖ్య గురించి ఏదో ఒకటి చెప్పేవాడు. 714ని దాని పక్కనున్న 715తో గుణించినా అదే వస్తుందట. బాచుపల్లి వెళ్లే బస్సులో ఫోన్ తీసి గుణించి చూశాను. వచ్చింది. ఎందుకో సంతోషమేసింది. ఎవరికి చెప్పాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు నేనే ఒకటి కనిపెట్టాను.

"దానికి ఒకటి కలిపితే ఆ ఏడింట్లో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. అంటే 510511 కూడా ప్రధాన సంఖ్యే కదండీ?"

"పంతొమ్మిదితోని చూడుండ్రి."

చూశాను. 26869 వచ్చింది, శేషం లేదు. ఆయన నవ్వలేదు. పెరుగన్నం కలుపుకుంటూ, "ఎమ్మెస్సీల చేరకముందు నేను గూడ గిట్లనే అనుకున్న," అన్నాడు. ఆయన గణితం చదివాడని అలా తెలిసింది.

చివరికి చందానగర్ నుంచి మెకానిక్ వచ్చాడు. నిచ్చెనెక్కి అరగంటలో కారడం ఆపేశాడు. "మేడం, ఓకే నొక్కుండ్రి, టికెట్ క్లోజ్ చేస్త," అన్నాడు.

"ఇయ్యాల వద్దు. జర రేపటిదాంక ఉంచుండ్రి," అన్నాడు పక్క సీటాయన.

"ఎందుకు సార్? నీళ్లు ఆగినయి గద."

ఆ నంబరు ఎందుకంత ప్రత్యేకమో ఆయన వివరించాడు, రెండు నుంచి మొదలుపెట్టి. మెకానిక్ నిచ్చెన భుజాన పెట్టుకుని పూర్తిగా విన్నాడు.

"మంచిగనే ఉంది సార్. గానీ ఇది ఓపెన్ ఉంటే మా సూపర్‌వైజర్ నా మీదికొస్తడు."

ఆయన ముఖం చిన్నబోయింది. "అయ్యో, గంత దూరం ఆలోచించలే తమ్మీ. నొక్కుండ్రి మేడం."

నొక్కాను. జాబితాలోంచి ఆ నంబరు పోయింది. మధ్యాహ్నమంతా ఆయన పని చేసుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం తనే టీకి పిలిచాడు. లెక్చరర్ ఉద్యోగం కోసం చాలాచోట్ల తిరిగి, దొరక్క టెస్టింగ్‌లోకి వచ్చానని చెప్పాడు.

"బాధగా ఉండదాండీ?"

"అప్పట్ల మస్తుండె. ఇప్పుడు ఇంట్ల మా బిడ్డకు లెక్కలు చెప్తున్న," అని టీ తాగాడు. "ఇగ ఆమెకే పరేషాన్."