మత్తడికి అడ్డం పెట్టిన బస్తాలు

కరోనాకు ముందటి వానాకాలం. నీటిపారుదల శాఖలో పెద్ద పెద్ద డ్యాముల మధ్య ఉద్యోగం ముగించుకుని, నల్లగండ్లలో ఫ్లాట్ కొనుక్కుని, ఇక నాకు మట్టితో పని పూలకుండీల వరకే అనుకుంటున్న రోజులు. గోపన్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి సుజాత గారు ఫోన్ చేశారు. సెల్లార్‌లో నీళ్లు ఊరుతున్నాయని, వెనకాల కుంట కట్ట మీద తమకు నమ్మకం లేదని, ఒకసారి వచ్చి చూడమని అడిగారు. తెగ్గొట్టాల్సిందేనని నా నోటితో చెప్పించాలన్న ఆశ ఆవిడ గొంతులో దాగలేదు.

ఆ కుంట ప్రభుత్వానిది కాదు. యాదమ్మ అనే ఆమె సొంత పట్టా భూమిలో, ఆమె మామ తన వరిపొలం కోసం కట్టుకున్న మట్టికట్ట. కట్ట కింది పొలం ఎప్పుడో అమ్ముడుపోయింది. సుజాత గారి అపార్ట్‌మెంట్ లేచింది అక్కడే. భర్త పోయాక కుంట ఒక్కటే యాదమ్మ పేరున మిగిలింది. కట్ట ప్రమాదమని నేనంటే చాలు, దాన్ని పూడ్చి ప్లాట్లు చేయడానికి కొడుకులు సిద్ధంగా ఉన్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకుంది.

"కాపురానికొచ్చినప్పటి సంది గీ కట్ట మీదనే నడుస్తున్న సారు. నువ్వు ఒక్కపూట చూసి ఏం చెప్తవు?" అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ మాటలో న్యాయముంది కాబట్టి మింగేసి కట్ట దిగాను.

ఊరని మట్టికట్ట లోకంలో లేదు. ఆ ఊటనే ఇంజనీర్లం సీపేజ్ అంటాం. నీరు తేటగా వస్తే భయం లేదు. బురదగా వస్తే మాత్రం లోపలి మట్టిని కొద్దికొద్దిగా మోసుకొస్తోందని అర్థం. అలా లోపల బొరియలాంటి దారి పడటాన్ని పైపింగ్ అంటాం. కట్టలు చాలావరకు అలాగే, చప్పుడు లేకుండా చస్తాయి. కట్ట అడుగున ఊరుతున్న నీటిని గాజుగ్లాసులో పట్టి, కాసేపు రాయి మీద ఉంచాను. అడుగున ఎర్రమట్టి పేరుకుంది. ఆ గ్లాసు వంక చూసి యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె మీద జాలి కలిగింది.

కారణం పైన దొరికింది. నీటికీ కట్ట పైభాగానికీ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉండాలి. దాన్ని ఫ్రీబోర్డ్ అంటాం. ఇక్కడ జానెడు కూడా లేదు. ఎక్కువైన నీరు తనంతట తాను పొర్లిపోవడానికి ఏ కుంటకైనా ఒక పక్క రాతి మత్తడి ఉంటుంది. ఆ మత్తడికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి.

నేను గట్టిగానే అరిచాను, ఇవెవరు పెట్టించారని. యాదమ్మ గడ్డంతో అపార్ట్‌మెంట్ వైపు చూపించింది.

"ఆ సుజాతమ్మనే. బతుకమ్మకు నీళ్లు ఒడ్డు దాక ఉంటే మంచిగుంటదన్నరు. వద్దన మనసు రాలే. వరి పొయినంక నా కుంటకాడికి ఎవలొస్తున్నరు సారు, ఆ పండుగకు తప్ప?"

సుజాత గారిని పిలిచి బస్తాలు చూపించాను. ఆవిడది విజయవాడ. బతుకమ్మ పేర్చడం యాదమ్మ దగ్గరే నేర్చుకున్నారట. నిండు కుంట పక్కన ఫొటోలు బాగా వస్తాయని, ప్రతి ఏడూ బస్తాలకు మనుషుల్ని పంపింది తనేనని ఒప్పుకున్నారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే అన్నాను. "అంటే మా సెల్లార్‌లోకి నీళ్లు మేమే తెచ్చుకున్నామా అండీ?" అని ఆవిడ మెల్లగా అడిగారు.

ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. ఆ రోజే బస్తాలు తీయడం మొదలుపెట్టాలి, అయితే ఒక్కసారిగా కాదు. నీరు గబగబా దిగితే నానిన కట్ట లోపలివైపు జారిపోతుంది. ఊట దగ్గర ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరిచి ఫిల్టర్ వేయాలి. కాఫీ ఫిల్టర్‌లో డికాక్షన్ దిగి పొడి ఆగిపోయినట్టే, నీరు బయటికొస్తుంది, మట్టి ఆగిపోతుంది. ఇవన్నీ చేస్తే కట్టను తెగ్గొట్టనక్కర్లేదు. కానీ పండుగకు నీళ్లు ఒడ్డు దగ్గర ఉండవు. ఒడ్డున నీళ్లు లేకపోతే జనం రారు, జనం రాకపోతే కుంట ఎందుకని కొడుకులు అడుగుతారు. అది యాదమ్మ ఫికర్. చివరికి లేచి వెళ్లి మొదటి బస్తా తనే లాగింది.

సద్దుల బతుకమ్మ నాడు నేనూ వెళ్లాను. నీరు వెనక్కి జరిగి ముందంతా బురద తేలింది. పట్టుచీరల్లో ఆడవాళ్లు ఒడ్డునే ఆగిపోయారు. పోయినేడు ఎంత బాగుందోనని ఎవరో గొణిగారు. యాదమ్మ బతుకమ్మను నెత్తికెత్తుకుని, చెప్పులు వదిలి, బురదలోకి దిగింది.

"నీళ్లు జర దూరం పొయినయి, మనమే నాలుగడుగులు ఎక్కువ పోదాం. అవే మన ఇండ్లకొస్తే బతుకమ్మ ఏడ ఆడుతం?"

ఆమె వెనకాల మొదట దిగింది సుజాత గారు. తర్వాత అందరూ దిగారు.

మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. కుంట నిండింది, నీరు మత్తడి మీదుగా దుంకింది, కట్ట నిలిచింది. ఊట తేటపడింది. నీటిని ఎంత పట్టుకోవాలో లెక్క కట్టడమే నా వృత్తి అని అంతకాలం అనుకున్నాను. ఎంత వదిలేయాలో మనుషుల్ని ఒప్పించడం అంతకన్నా పెద్ద పనని ఆ చిన్న కుంట నేర్పింది. కట్ట భద్రత దాన్ని ప్రేమించేవాళ్ల చేతుల్లోనే ఉంది, ప్రమాదమూ వాళ్ల చేతుల్లోనే ఉంది.

తర్వాత ప్రతి వానాకాలం యాదమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చేది. "సారు, మత్తడి దుంకుతున్నది, వస్తవా?" అనేది, చుట్టాన్ని పెళ్లికి పిలిచినట్టు. ఆమె పోయాక వచ్చిన మొదటి వానలకు, ఇక పిలిచేవాళ్లు లేరనుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను. ఫోన్ మోగింది. సుజాత గారు.

"మత్తడి దుంకుతోందండీ. కట్టంతా నడిచి చూశాను. వస్తారా?"

గొడుగు కోసం వెతక్కుండానే బయల్దేరాను.