డాలా మీద భోజనం

పాముది పన్నెండేళ్ల పగ అంటారు. తిరుమలేశ్‌ది నాలుగేళ్లదే గానీ, అన్నం కలిపిన ప్రతిసారీ కాస్త పెరుగుతూ వచ్చింది.

ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. నాలుగేళ్ల కిందట దగ్గర్లో షూటింగ్ జరుగుతుండగా జనరేటర్ ఆగిపోతే అతన్నే పిలిచారు. గంటలో బాగుచేశాడు. అందరూ భోజనాలకు కదులుతుంటే, ఖాళీ కుర్చీ కనబడిందని అతనూ కూర్చున్నాడు. పప్పన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తబోతుంటే ప్రొడక్షన్ మేనేజర్ అచ్యుతరామయ్య వచ్చి నిలబడ్డాడు.

“ఇది డైరెక్షన్ వాళ్ల టేబులండీ. లేవండి. డ్రైవర్ల బంతి అటు.”

సినిమావాళ్లకు అన్నం దగ్గర కూడా హోదాలుంటాయి. అది తెలియక కూర్చోవడం తిరుమలేశ్ తప్పే అనుకోండి. అయినా కలిపిన అన్నం ముందు నుంచి మనిషిని లేపడం ఏ ఊరి మర్యాద? మెతుకులంటిన చేత్తో లేచి, చెయ్యి కడుక్కుని, పస్తుతో ఇంటికొచ్చాడు. “ఇగ ఇడిసిపెట్టు,” అని భార్య మంజులత ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడట. ఇతనికి మాత్రం పగవాడే బండేసుకుని వచ్చాడు. మొన్న పదకొండు గంటలకు ఒక పాత డీజిల్ పికప్ ఆవిరి కక్కుతూ షెడ్డు ముందు ఆగింది. దిగినవాడు అచ్యుతరామయ్య. మేనేజర్ ఉద్యోగం పోయి, ఇప్పుడు షూటింగులకు భోజనాలు సరఫరా చేస్తున్నాడు. వెనక గుండిగల నిండా అన్నం, కూరలు. తిరుమలేశ్‌ను అతను గుర్తుపట్టనేలేదు. దాంతో ఇతనికి ఒళ్లు ఇంకా మండింది.

“ఒంటిగంటకు ఈ పైనున్న షూటింగ్‌లో నూట ఇరవై మందికి వడ్డించాలండీ. ఆలస్యమైతే రేపట్నుంచి నన్ను రానివ్వరు.”

తిరుమలేశ్ ఇంజిన్ చల్లారనిచ్చి చూశాడు. వాటర్ పంపు బేరింగ్ అరిగిపోయి ఇరుసు ఊగుతోంది. నీళ్లన్నీ కిందికి కారిపోతున్నాయి. “పంపు ఖతమైంది సార్. కొత్తది ఎయ్యాలె,” అన్నాడు.

షెడ్డులోనే కొత్తది ఉంది. బెల్టు విప్పాడు, పాతది ఊడదీశాడు, కొత్తది బిగించాడు. రేడియేటర్‌లో నీళ్లు పోసేటప్పుడు చెయ్యి ఆగింది. లోపలి గాలి పోనివ్వకుండా మూత పెట్టేస్తే చాలు, బండి పై మలుపులో మళ్లీ మరుగుతుంది. తప్పు తనదని ఎవడూ పట్టుకోలేడు. కానీ అక్కడ లైట్‌మెన్, డ్రైవర్లు ఆకలితో ఎదురుచూస్తుంటారు. పైగా చేసిన పనిలో పగ కలిపితే ఇక తను మెకానిక్ ఎలా అవుతాడు? ఇంజిన్ నడిపించి, గాలంతా పోయేదాకా ఆగి, అప్పుడు మూత బిగించాడు.

టైము పన్నెండున్నర. అచ్యుతరామయ్యకు ప్రాణం లేచొచ్చింది. “ఏమివ్వమంటారు?”

“అది తర్వాత. ఆకలైతుంది సార్, జర అన్నం పెట్టుండ్రి.”

బండి వెనక తలుపు, అదే డాలా, దించి, దాని మీదే కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. అతను తిని దిగితే తప్ప డాలా మూయడానికి లేదు, బండి కదలడానికి లేదు. అచ్యుతరామయ్య గబగబా పళ్లెంలో వడ్డించాడు. తిరుమలేశ్ పప్పన్నం తీరిగ్గా కలపసాగాడు. అవతలివాడు గడియారం చూశాడు, రోడ్డు చూశాడు.

“కొంచెం లే...” అని నోరు జారబోయాడు.

“లెవ్వమంటరా సార్? నాలుగేండ్ల కింద జనరేటర్ బాగు చేసిననాడు గూడ గిట్లనే కలిపిన అన్నం ముందుకెల్లి లేపిండ్రు.”

అచ్యుతరామయ్య అతని ముఖంలోకి అప్పుడు చూశాడు. గరిటె పట్టిన చెయ్యి కిందికి దిగింది. “మీరా,” అన్నాడు. “తప్పైపోయిందండీ.”

ఒంటిగంటకు పది నిమిషాలుండగా లేస్తే బండి వేళకు చేరుతుందని తిరుమలేశ్ ముందే లెక్కేసుకుని కూర్చున్నాడు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. నాలుగేళ్లుగా నోటిదాకా రాని ముద్దను మెల్లగా నమిలి మింగి, పళ్లెం ముందుకు చాపాడు.

“పెరుగు గూడ ఎయ్యుండ్రి.”