పెట్టెకి రెండో చెయ్యి

మా ఊళ్ళో బొమ్మలు గాజుపలకకి వెనకవైపున వేస్తారు, ముందువైపు నుంచి చూస్తారు. అందుకే మిగతావాళ్ళు చివర వేసేవి మేము మొదట వేస్తాం. కనురెప్పలు, బొత్తాలు, ఆ తరవాత మనుషులు, ఇళ్ళు. అన్నిటికన్నా చివర ఆకాశం.

మా పక్కింటి జాల్జా ఈ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఇరవయ్యో ఏట బస్సెక్కి జర్మనీ వెళ్ళి బల్బుల ఫ్యాక్టరీలో చేరింది. ఒక ఏడాది ఫ్యాక్టరీ వార్షికోత్సవం నాడు ఫొటో తీస్తూ, బయటి దేశాల ఆడవాళ్ళని అందులో పడకుండా కాస్త పక్కకి జరగమన్నారట.

"జరిగావా?" అని అడిగాను.

"కాళ్ళు వాటంతటవే జరిగాయి. ఇప్పుడైతే పీకినా కదలవు."

పింఛనుతో తిరిగొచ్చేసరికి మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు. ఆమె అన్న ఇంట్లో ఇప్పుడు పసాంగ్ అనే నేపాలీ అద్దెకి ఉంటున్నాడు. కోళ్ళ ఫారంలో పని. చలికాలానికి ఆమెకి కట్టెలు కొట్టి పేర్చిపెడతాడు.

నిరుడు కొత్త హాలులోకి 'మన ఊరు' బొమ్మ కావాలన్నాడు మేయరు జ్లాట్కో. అతనికి జ్ఞానస్నానం చేయించిన రోజున ఎత్తుకున్న జ్ఞానతల్లి జాల్జానే. చర్చి పండగకి రెండు రోజుల ముందు వచ్చి, బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నడివీధిలో బస్సు ఆగి ఉంది. చనిపోయిన అతని తండ్రి యోసిప్, ఒకప్పుడు పనికోసం ఊరు వదిలినప్పటిలా, ఎక్కబోతున్నాడు. పసాంగ్ అప్పుడే దిగాడు. ఒకే అట్టపెట్టెని ఇద్దరూ పట్టుకున్నారు.

"మన ఊరు వెయ్యమన్నాను అత్తా, బస్టాండు కాదు."

"బస్టాండు లేని మన ఊరు ఎక్కడుందిరా?"

"ఈ నేపాలీని చూస్తే జనం నన్ను బతకనిస్తారా? వచ్చే నెల ఎన్నికలు. మీద ఓ చెట్టు పెట్టెయ్యి."

"మొదట వేసింది అతన్నే. చెట్టు పెడితే అతని వెనక్కే పోతుంది."

జ్లాట్కోకి అది తెలుసు. వాళ్ళ తాతా గాజు మీదే వేసేవాడు. "అయితే గీకెయ్. బ్లేడు నేనిస్తాను."

"గీకు. మీ నాన్న కుడిచేతికి అడ్డంగా అతను నిలబడ్డాడు. ఆ చోట చెయ్యి వెయ్యనేలేదు. అతను పోతే మీ నాన్న మోచేతి దగ్గర ఆగిపోతాడు."

"కావాలనే చేశావు."

"కావాలనే."

"హాల్లో పెట్టను."

"పెట్టకు. హాలు గోడకి కొట్టిన మేకు దండగ, పాపం."

పండగనాడు జాల్జా వీధి కిటికీ రెక్కలు ఊడదీసి, ఆ చోట బొమ్మని వీధివైపుకి బిగించింది. మేకులు అందించింది నేనే. చర్చి నుంచి ఊరేగింపు ఆ ఇంటి ముందునుంచే రావాలి. జెండాలు ఆగాయి, బాకాలు ఆగాయి. తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ జనం గోడకి అతుక్కుపోయారు. "నా ముక్కు అంత ఉందా, ముసలిదానా?" అని ఎవరో అరిచారు. "తగ్గించే వేశాను," అంది జాల్జా తలుపులోంచి.

జ్లాట్కో తల్లి బారా కర్ర ఆనించుకుని భర్త బొమ్మ ముందు నిలబడింది. పెట్టె రెండో చివర వేలు పెట్టింది.

"రెండోవాడెవడు?"

కట్టెల దగ్గరున్న పసాంగ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నేనే, అమ్మమ్మా."

ఆమె అతన్ని, బొమ్మని మార్చిమార్చి చూసింది. "ఆ పెట్టె చచ్చే బరువు. అప్పుడు మా ఆయన ఒక్కడే మోసుకుపోయాడు," అని, అక్కడే అరుగు మీద కూర్చుంది. వెనకవాళ్ళు ఎంత తొందరపెట్టినా లేవలేదు.

సాయంత్రం జ్లాట్కో గేటు బయటినుంచే పిలిచాడు. "అత్తా, అమ్మ ఇంటికి రానంటోంది. బొమ్మ హాల్లో పెడితేనే లేస్తుందట. ఇచ్చెయ్యి, పెట్టేస్తాను."

"ఎలా ఉన్నది అలాగేనా?"

"అలాగే."

"ఇవ్వను. చూడాలనుంటే మా వీధికి రమ్మను, నీ హాలుని," అని జాల్జా లోపలికి వెళ్ళి, బారాకి టీ పెట్టింది.