ఏటి వైపు ఒరిగిన స్టాండు

మా చెల్లెలిది లంక ఊరు. గోదావరి నడుమ ఇసుకా ఒండ్రూ కలిసి పెరిగిన నేల. ఆత్రేయపురం వైపు వెళ్ళే బస్సు దిగి, గట్టు మీద కొంత దూరం నడిచి, రేవులో పడవ ఎక్కి, అవతల మళ్ళీ ఇసుకలో నడిస్తే గాని వాళ్ళ ఇల్లు రాదు. ఇంటి ముందు వాకిలి, వాకిలి అవతల వరసగా కొబ్బరి చెట్లు, చెట్ల అవతల ఏరు. చెల్లెలు కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆ చెట్లు నాలుగు వరసలుండేవి. ఆ ఎండాకాలానికి ఒక్క వరస మిగిలింది, అందులోనూ నడుమ ఖాళీలు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, నిన్న ఇంకో చెట్టు పోయింది."

వాళ్ళ గేదె మెడలో గంట చప్పుడు ఫోనులో వినపడుతోంది.

"మరిదిగారేమన్నారే?" అని అడిగాను.

"ఏమంటారు. ముసలి చెట్టులే, వేళ్ళు చచ్చాయి, అందుకే పడింది అన్నారు. నువ్వూ బావగారూ కెమెరా పట్టుకుని ఒకసారి రండక్కా. ఇవాళ ఒకచోట నించుని ఒక ఫోటో, మళ్ళీ వచ్చినప్పుడు అదే చోట నించుని ఇంకో ఫోటో తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. నా నోటి మాట ఆయన చెవికెక్కదు. కళ్ళతో చూస్తే నమ్ముతారేమో."

అది కోరిందల్లా ఒకటే. వరదలు రాకముందు ఆ ఇల్లు వదిలిపెట్టాలి. లంక మధ్యలో మెరక మీద వాళ్ళకి ఒక పాక ఉంది, అందులోకి మారిపోవాలి. ఆయన ఊఁ అనాలి. మా మరిది మంచివాడే, మాట మెత్తన, చెయ్యి పెద్దది. ఆ ఒక్క విషయంలో మాత్రం బండరాయి. ఏరు ఒక ఒడ్డు కోసి రెండో ఒడ్డున మేట వేస్తుంది కదా, వాళ్ళది మేట వేసే ఒడ్డని వాళ్ళ నాన్న చెప్పి పోయాడు. నాన్న చెప్పిన కాలంలో అది నిజమే. తరవాత ఏరు పక్క మార్చుకుంది. మరిది మార్చుకోలేదు.

మా ఆయనకి కొవ్వూరులో ఫోటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూసేశాం. కెమెరా మాత్రం అమ్మలేదు. స్టూడియో నాటి స్టాండు కూడా అటక మీద ఉంది. దాన్ని కిందికి దించడానికే ఇద్దరం కావలసి వచ్చింది. ఈయనకి నడుములో పూస అరిగి, ఎక్కువ బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు.

"నేను మోస్తాలే" అన్నారు.

"స్టాండుని మీరు మోస్తారు. పడవ ఎక్కేటప్పుడు మిమ్మల్ని ఎవరు మోస్తారండీ?"

"నువ్వున్నావుగా."

"నేను మోస్తే తిన్నగా ఏట్లోనే దింపుతాను."

స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీస్తే కుదరదా అని అడిగాను. కుదరదన్నారు. మనిషి చెయ్యి ఒకసారి ఎత్తులో ఉంటుంది, ఒకసారి పల్లంలో. రెండు ఫోటోలూ కలవవు. మరిది చూసి, అదిగో మీ చెయ్యి కదిలిందంటాడు. అందుకని తేలికగా మోసుకుపోయే కొత్త స్టాండు కొనాలనుకుని రాజమండ్రి బస్సెక్కాం.

కొట్టతను మూడు రకాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. మొదటిది చిటికెన వేలితో ఎత్తవచ్చు. నల్లగా ఉంది, కార్బన్ అన్నాడు. ధర చెప్పగానే ఈయన దాన్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మెల్లగా కింద పెట్టేశారు. రెండోది అల్యూమినియం, కాళ్ళు మర తిప్పి బిగించేవి. మూడోదీ అల్యూమినియమే, కాళ్ళకి పట్టీల్లాంటి క్లిప్పులు. మడిస్తే నా చేసంచిలో పట్టింది.

"మరలోకి ఇసక పోతే కరకరలాడి పట్టేస్తుంది. మనం వెళ్ళేది లంకకి. క్లిప్పులైతే కడుక్కోవచ్చు" అన్నారీయన. కాళ్ళ చివరి ముక్కలు మరీ సన్నమని, కొట్టతను వద్దంటున్నా వాటిని లోపలికి తోసేసి, నడిమి కడ్డీ కూడా దించేసి పొట్టిగా నిలబెట్టారు. "పొడుగు సాగదీస్తే తేలిక స్టాండు గాలికే ఊగుతుంది. పొట్టిగా పెట్టుకుని మనమే వంగాలి."

"మీ నడుముకి వంగడం కూడా వద్దన్నారు" అన్నాను.

"అయితే నువ్వు వంగు."

నడిమి కడ్డీ అడుగున ఒక కొక్కెం ఉంది. ఎందుకని అడిగితే, గాలికి కదలకుండా బరువు తగిలించుకోవడానికండి అన్నాడు కొట్టతను. నేను మధ్యాహ్నానికి తెచ్చుకున్న టిఫిను క్యారేజీ దానికి తగిలించాను. పప్పుచారుతో నిండుగా ఉంది. స్టాండు కదల్లేదు, చారు తొణకలేదు. ఆ కొట్టతను నవ్వి, ఇన్నేళ్ళలో ఇలా చూసి కొన్నవాళ్ళు మీరేనండి అన్నాడు. అదే తీసుకున్నాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు అంతా సరదాగానే గడిచింది. వాకిట్లో స్టాండు విప్పగానే మరిది దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటండి అన్నయ్యగారూ, కొంగని కొనుక్కొచ్చారు?"

"కొంగైతే చేపన్నా పట్టేది తమ్ముడూ. ఇది ఫోటో పడుతుంది."

"కాళ్ళు దిగిపోతాయండి, ఒండ్రు నేల" అంటూ తనే లోపలికి వెళ్ళి మూడు పెంకు ముక్కలు తెచ్చాడు. లంకలో మంచం కోళ్ళ కింద, కుండల గట్టు కింద అలాగే పెంకు ముక్కలు వేస్తారు, లేకపోతే వానాకాలంలో మంచం నేలలోకి దిగుతుంది. తనే మట్టి సదిరి, పెంకులు పరిచి, వాటి మీద స్టాండు కాళ్ళు పెట్టాడు. పైన గోళీకాయంత గాజులో ఒక బుడగ ఉంటుంది. అది నడిమి గీతలో నిలబడితే స్టాండు సమంగా ఉన్నట్టు. నిలబడింది. ఈయన చెట్లూ ఏరూ పడేలా ఫోటో తీశారు. ఆ పెంకులు అక్కడే ఉంచెయ్యమని చెప్పాం. చెల్లెలు వాటిని కదపకుండా చుట్టూ ముగ్గు కూడా వేసింది.

తొలకరి పడ్డాక రెండోసారి వెళ్ళాం. ఇంకో చెట్టు ఏటి మీదికి వంగి ఉంది. అవే పెంకుల మీద స్టాండు పెడితే బుడగ నడుమ లేదు. ఇంటి వైపుకి జరిగి ఉంది.

"బుడగ ఎప్పుడూ ఎత్తున్న వైపుకి పోతుంది. అంటే స్టాండు ఏటి వైపుకి ఒరిగింది" అని ఈయన ఒక కాలు సర్ది సమం చేశారు. చెల్లెలు టీ తెచ్చింది. తాగి వచ్చేసరికి బుడగ మళ్ళీ గీత దాటింది. ఈయన విసుక్కున్నారు. "తేలికది, తేలికది అని నా ప్రాణం తీశావు. క్లిప్పు జారుతోంది."

"టిఫిను క్యారేజీకి ఆగిందండీ" అన్నాను.

"చారుకి ఆగింది. కెమెరాకి ఆగలేదు."

మరిదికి నవ్వు ఆగలేదు. "వదినగారూ, మీరు తూకం వేసి మరీ కొన్నారంట. తూకంలో మోసపోయారండి." రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, చూశారా, ఇందులో ఏరే వంకరగా ఉంది, చెట్టు వంకరగా ఉండటంలో వింతేముంది అన్నాడు. చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది. పడవ ఎక్కేవరకు బయటికి రాలేదు.

అదే వారం ఆ స్టాండుని కొట్టుకి తీసుకెళ్ళాం. కొట్టతను చలవరాతి నేల మీద నిలబెట్టి, కెమెరా బిగించి, ఇద్దరు ముగ్గురు ఇతర గిరాకీల పని చూసుకుని వచ్చాడు. బుడగ నడుమనే ఉంది. క్లిప్పులన్నీ విప్పి చూపించాడు. "స్టాండులో తప్పేం లేదండి. మీరు పెట్టిన నేల ఎలాంటిదండి?"

ఒండ్రు నేల కదా, దిగుతుందిలే అన్నారీయన. నేనూ అదే అనుకున్నాను. కాని బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు. బరువైన వస్తువు నేలలో దిగిందంటే అర్థం ఉంది. ఇది కెమెరాతో కలిపి కూడా నీళ్ళ బిందెంత బరువు లేదు. మా మరిది మంచం మీద నలుగురు కూర్చున్నా పెంకు దిగదే, దీనికి ఎందుకు దిగింది? పాత స్టాండు తీసుకెళ్ళి ఉంటే, బరువుకి కుంగిందనుకుని ఊరుకునేవాళ్ళం. ఇంటికొచ్చాక ఈయనతో చెప్పాను. టీవీలో భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని చెబుతున్నారు, ఈయన అదే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడే లంకకి బయలుదేరాం. ఏటికి ఎర్రనీరు వచ్చేసింది. పడవవాడు మామూలుగా నిలువునా కోసే పాయని ఆ రోజు చుట్టు తిప్పి దాటించాడు. దించేటప్పుడు, పొద్దు వాలకముందే వచ్చెయ్యండి అన్నాడు.

వాకిలి అవతల మొన్న వంగి ఉన్న చెట్టు లేదు. దాని పక్కదీ లేదు. నేను వెళ్ళగానే వంగి పెంకులు చూశాను. అవి నేలలోకి దిగలేదు. పరిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మట్టి పైన ఉన్నాయి. చుట్టూ చెల్లెలు దిద్దుతూ వచ్చిన ముగ్గు గీత కూడా చెదరలేదు. స్టాండు పెట్టి సమం చేశాం. మరిది వచ్చి నించున్నాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు, ఏటి చప్పుడు అలా ఉంది. నలుగురం ఆ బుడగనే చూస్తున్నాం. ఎవరూ ముట్టుకోలేదు. అది మెల్లగా ఇంటి వైపుకి నడిచింది.

"పెంకులు దిగలేదండి మరిదిగారూ. మరి స్టాండు దేనితో కలిసి ఒరుగుతోంది?" అన్నాను.

ఆయన చెట్ల వైపు, గట్టు అంచు వైపు వెతికాడు. ఈయన కూడా అటే వెతికారు. వాకిట్లో ఎక్కడా బీట లేదు. అలికిన నేల నున్నగా ఉంది. నాకు ఆ నున్నదనమే నచ్చలేదు.

"ఏమే, ఈమధ్య ఎక్కడన్నా నేల పగిలిందా?" అని చెల్లెల్ని అడిగాను.

"ఇక్కడ కాదక్కా. పెరట్లో గేదెల పాక దగ్గర. ఎండలకి బీట వేసింది. ప్రతి శుక్రవారం పేడతో అలికేస్తున్నాను. మళ్ళీ వేస్తుంది, మళ్ళీ అలుకుతున్నాను."

"ఎండలు పోయి వానలొచ్చాయి కదే."

దాని మొహం చూడలేకపోయాను. అందరం పెరట్లోకి వెళ్ళాం. మరిది గునపం తెచ్చి, అలికిన పొర మీద మెల్లగా గీశాడు. పేడ పొర ఊడి లోపలికి పడింది. పడిన చప్పుడు వినపడలేదు. బీట పాక ఈ మూల నించి ఆ మూల దాకా, అక్కణ్ణించి పక్క అరటితోటలోకి వెళ్ళింది. మేం గట్టు అంచు ముందుందనుకుంటున్నాం. అది ఇంటి వెనక ఉంది. ఇల్లూ, వాకిలీ, వంటపొయ్యీ, మేం నించున్న చోటూ అన్నీ ఏటి వైపే ఉన్నాయి.

మరిది తనే వెళ్ళి స్టాండు తెచ్చాడు. బీటకి అవతల, గేదె కట్టుకొయ్య పక్కన పెట్టి సమం చేశాడు. బుడగ నిలబడింది. ఒంటి చేత్తో ఎత్తి ఇవతలకి తెచ్చి పెట్టాడు. జరిగింది. ఇంకోసారి పెట్టాడు. జరిగింది. లేచి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మంచాలు తీద్దాం అన్నయ్యగారూ" అన్నాడు.

గేదెని తోలాం, మంచాలు, బియ్యం, పొయ్యి, దేవుడి పటాలు మోశాం. మెరక మీద పాకలో వాళ్ళని దించి, పడవవాడు కేకేస్తుండగా వచ్చేశాం. స్టాండు అక్కడే ఉంచమన్నాడు మరిది.

వరద వచ్చింది. వాకిట్లోకి నీళ్ళెక్కాయి. ఇల్లు కదల్లేదు. ఫోన్ చేసినప్పుడల్లా చెల్లెలు అదే చెప్పేది, నిలబడే ఉందక్కా అని. చెప్పే గొంతులో సంతోషం లేదు, సిగ్గుంది. ఇల్లు నిలబడిన కొద్దీ మరిది మాట మారుతోంది. పాకలో వాన కురుస్తోంది, గేదెకి జలుబు చేసింది, మీ అక్కగారి కొంగ మనల్ని ఇంట్లోంచి తరిమింది అంటున్నాడట. నీరు తీసింది. ఏరు తగ్గాక మేం బియ్యం, కూరలు పట్టుకుని వెళ్ళేసరికి ఆయన మంచాలకి తాడు కట్టి ఉంచాడు.

"మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే వదినగారూ. బురద కడిగేస్తే సరి."

"ఏరు వచ్చేటప్పుడు కన్నా తీసేటప్పుడే కోస్తుందని మీ లంకవాళ్ళే అంటారు కదండి" అన్నాను.

"కోసేదైతే ఈపాటికి కొయ్యదా అండి?"

చెల్లెలు పొయ్యి ముందు నించి లేచింది. "నేను రాను" అంది. అంతే అంది. పెళ్ళయ్యాక ఆయన మాటకి అది ఎదురు చెప్పగా నేను వినలేదు. ఆయన దాని వైపు చూసి, మూలనున్న స్టాండు తీసుకుని, ఒక్కడే ఇంటి వైపుకి వెళ్ళాడు. మా ఆయన వెంట వెళ్ళబోతే చేత్తో వద్దన్నాడు.

మెరక మీద నించి చూస్తుంటే అరటితోట అవతల ఆయన తలపాగా కనపడింది. వాకిట్లోకి వెళ్ళాడు, వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తరవాత లేచి, స్టాండుని విప్పింది విప్పినట్టే చంకలో పెట్టుకుని, నేల మీద అడుగులు ఆచితూచి వేస్తూ తిరిగి వచ్చాడు. పరిగెత్తలేదు. మంచాలకి కట్టిన తాడు విప్పి, వాల్చి కూర్చున్నాడు.

చెల్లెలు విస్తళ్ళు వేసింది. వంకాయ కూర అయింది, చారు పోసింది. అప్పుడు వినపడింది. రోజూ గట్టు విరిగిపడే దభీమన్న చప్పుడు కాదు. బండెడు కంకర ఒకేసారి దించినట్టు, ఆగకుండా, చాలాసేపు. గేదె లేచి చెవులు నిక్కబెట్టింది. అరటితోట మీదుగా పక్షులు ఇటే వచ్చాయి. మరిది చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. తల ఎత్తలేదు, ఇంటి వైపు చూడలేదు.

చప్పుడు ఆగాక చెల్లెలు చెంబు తీసుకుని ఆయన విస్తరి దగ్గరికి వచ్చింది.

"మజ్జిగ పోసుకోండి" అంది.

ఆయన అన్నం నడుమ గుంట చేసి, చెయ్యి పక్కకి తీశాడు.