మావ జరిపిన పులి

నిన్న మధ్యాహ్నం ఫోనులో పులి-మేక ఆడుతూ, వరసగా గెలుస్తున్నాను కదా అని మురిసిపోతూ ఉంటే, ఎదురుగా పాలు పొంగిపోతున్నా కనబడదా అని మా ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళింది. చీవాట్లు నాకు అలవాటే. కానీ గెలిచిన ఆ ఆటల్లో ఒక్కటైనా ఎలా గెలిచానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు చూడండి, అక్కడ ఒళ్ళు మండింది, మా మేనమామ గుర్తొచ్చాడు.

ఆయన సాలూరులో లారీ డ్రైవరు, ఒడిశా వైపు కొండల మీది ఘాటీ ఎక్కి దిగడమే ఆయన బతుకు. స్టీరింగు మీద ఆశతో నేను ఆయన దగ్గర క్లీనరుగా చేరాను. లోడు దొరకని రోజుల్లో లారీ ఆఫీసు అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి ఆటకు కూర్చోబెట్టేవాడు. పులులకు గులకరాళ్ళు ఆయనవి, మేకలకు చింతపిక్కలు నావి. ఈ ఆట వచ్చిన రోజున స్టీరింగు ఇస్తానన్నాడు. నేనూ పట్టుదలగా ఒక వరస కనిపెట్టి, కళ్ళు మూసుకుని పిక్కలు పెట్టగలిగేంతగా చెయ్యి అలవాటు చేసుకుని, ఆయన పులుల్ని చాలాసార్లు కట్టేశాను. అయినా ఇంకా రాలేదురా అనేవాడు. ఎంత ఉక్రోషంగా ఉండేదో చెప్పలేను.

ఒకరోజు ఆట మధ్యలో నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరే, నీ కళ్ళముందే, నా వంతు కాకపోయినా పులిని పక్క గడికి జరిపీసినాను, నువ్వు సూళ్ళేదు. సెయ్యి ఆడతన్నాది గాని నువ్వు ఆడతన్నావేటి? రోజూ ఎక్కే ఘాటీయే కదా అనుకున్నోడికి మలుపులో పడ్డ బండ కనిపిస్తాదేటి?"

దొంగాట ఆడి నీతులు చెబుతాడా అని పిక్కలన్నీ రోడ్డు మీదకు విసిరేసి, ఆ కోపంలోనే క్లీనరు పని మానేసి, ఆ ఆఫీసులోనే గుమాస్తాగా కుదురుకున్నాను. ఆయన మాత్రం, నేను పక్కన కూర్చున్న రోజుల నుంచీ, ఘాటీలో మలుపు మలుపుకీ ఆ రోజు కొత్తగా కనబడింది ఏదో ఒకటి, విరిగిన కొమ్మో, రోడ్డు వార ఎండబోసిన చోడి గింజలో, పైకి చెప్పుకుంటూ బండి నడిపేవాడు, నాకది ఒట్టి చాదస్తంగా ఉండేది. ముసలితనం వచ్చి స్టీరింగు వదిలేదాకా బండికి చిన్న గీత పడనివ్వలేదు. నేను కుర్చీలో కూర్చుని రాసిన బిల్లే రాస్తూ రిటైరయ్యాను, ఆ ఏళ్ళలో ఒక్క రోజైనా విడిగా గుర్తులేదు.

ఇప్పుడీ ఫోను గెలిచినప్పుడల్లా తెర మీద పువ్వులు చల్లుతుంది, నేను చూస్తున్నానో లేదో దానికేం పట్టింది. దొంగచాటుగా ఒక పులిని జరిపి, సూసినావేటిరా అని అడిగే మనిషి ఇక లేడు.