నెత్తిన దీపమున్న బొమ్మ

దుబాయిల ఉండే మా చిన్నాయన సూపర్ హీరోల చిన్న చిన్న బొమ్మలు తెచ్చిండు. ఎగిరేటోళ్ల కోసం చెల్లె, నేను కొట్లాడుకున్నం. నెత్తిన దీపమున్నోన్ని ఎవ్వరం అడగలే. ఆఖరికి నా వాటాకు గదే పడ్డది.

అయినా నాదంటే నాదే. ఆ బొమ్మ పొద్దుగాల అల్మారీల నుంచి మాయమయ్యేది, బాపు డ్యూటీ నుంచి వచ్చినంక మసితోని మళ్ల కనబడేది. నా అనుమానమంతా చెల్లె మీదనే. ఒట్టేసినా నమ్మలే, దాని బడిసంచి సుత గాలించిన.

ఒకనాడు పొద్దుగాల దుప్పట్ల నుంచి కావలున్న. దొంగ ఎవ్వరో కాదు, నన్ను కన్న అవ్వనే! బొగ్గుబాయికి పోయే బాపు టిఫిన్ సంచిల నా బొమ్మను పెడుతున్నది.

"నా బొమ్మనే దొరికిందా? ఎగిరేటోళ్లు లేరా?" అని లేసిన.

"ఎగిరేటోళ్లు బాయిలకు దిగుతరా బిడ్డా?" అన్నది అవ్వ.