సోడా బండి మీద గులాబి రంగు

నా చిన్నప్పుడు, కరోనా భయం గల్లీ గల్లీకీ పాకిన రోజుల్లో, సూరత్‌లో మగ్గాల పనివాళ్లుండే లింబాయత్‌లో మేం ఎవరినీ నమ్మేవాళ్లం కాదు. పాలప్యాకెట్టును కూడా సబ్బుతో కడిగేవాళ్లం. ఎవరైనా తుమ్మితే వారం రోజులు వాళ్లింటి వైపు పోయేవాళ్లం కాదు. నమ్మింది ఒక్క నిమ్మసోడా ఆయననే. మగ్గాలు ఆగిపోయాక గల్లీ మలుపులో బండి పెట్టుకున్న, మాలాగే తెలంగాణ నుంచి వచ్చిన మనిషే. మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, బండి మీద శానిటైజర్ సీసా. ఇంకేం కావాలి అనుకున్నాం.

ఒకనాడు ఆ సోడా తాగిన సాయంత్రం నుంచి మా చెల్లెకు వాంతులు, విరేచనాలు, జ్వరం. పక్కిళ్ల తలుపులు మూసుకున్నాయి. కరోనానే అని గుసగుసలు. ఎవరైనా ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చి చెల్లెను తీసుకుపోతుందని అమ్మ వణికిపోయింది. నాకూ ఏడుపు ఆగలేదు. చెడునీళ్ల వల్ల వచ్చిందని డాక్టరు చెప్పి మందులిచ్చినా గల్లీవాళ్లు నమ్మలేదు. సోడా ఆయనైతే తన బండి సాఫ్‌గా ఉంటుందని ఒట్టు వేశాడు.

మా తాత రంగుల మిల్లులో పనిచేసేవాడు. అక్కడ గుడ్డలకు వేసే రంగు పొడిగా ఉంటే అంతగా కనబడదు, తడి తగిలిందో ఇక దాచలేం. మర్నాడు మధ్యాహ్నం పది రూపాయల బిళ్లకు చిటికెడు గులాబి పొడి రుద్ది, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నలుగురినీ పిలిచి, సోడా అడిగి ఆ బిళ్లను ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని డబ్బాలో వేసి, అదే చేత్తో గ్లాసు బకెట్లో ముంచి తీశాడు. ఐసుముక్క అందుకున్నాడు, నిమ్మకాయ పిండాడు. చూస్తుండగానే గ్లౌజు వేళ్లు, ఐసు, గ్లాసు అంచు, చివరికి బకెట్లో నీళ్లు కూడా గులాబి రంగుకు తిరిగాయి.

"గా గ్లౌజులు నీ చేతులను కాపాడుతున్నయ్ గని, తాగెటోళ్లను కాదు బిడ్డా," అంటూ తాత ఆ సోడా మోరీలో పారబోశాడు.

నిన్నటిదాకా చెల్లెను చూసి జంకినవాళ్లే ఇప్పుడు బండి ఎత్తి పడేస్తామని లేచారు. అబద్ధమెందుకు, నాకూ సంతోషమే అయింది. సోడా ఆయన తల దించుకుని తాతతో అన్నాడు, "పొద్దుగాల తెచ్చిన బకెట్టే మామా, పొద్దూకేదాంక. ఇంకో బకెట్టు ఏడికెల్లి తేవాలె? మీ గల్లీ నల్లా కాడికి నన్ను రానిస్తలేరాయె."

గ్లౌజులు చూసి ఆయన సోడా తాగుతూనే, ఆయన ముట్టుకుంటే జబ్బు అంటుకుంటుందని గల్లీ అంతా ఒక్కమాట మీద ఆయనకు నీళ్ల నల్లా ఆపేసిన మాట నిజం. బకెట్టు పట్టుకుని వచ్చిన ఆయనను, "మా నల్లా ముట్టొద్దు కాకా" అని వెనక్కి పంపింది నేనే. అప్పుడు చెల్లె నా చెయ్యి పట్టుకునే ఉంది.

తాత ఆ రంగునీళ్లు పారబోసి, బకెట్టు కడిగి మా నల్లా కిందే నింపాడు. చెల్లె నాలుగు రోజులకు కోలుకుంది. బయట ఏం తాగాలన్నా గ్లాసు ఎక్కడ కడిగారో ఇప్పటికీ చూస్తాను. ఆ అనుమానం పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఎవరైనా బండివాళ్లు నీళ్ల కోసం మా వాకిట్లో ఆగితే మాత్రం, వాళ్లు నోరు తెరిచి అడిగేదాకా నేను ఆగలేను.